పక్కింటి మగ్గం మీద చేయి

ఒక మనిషి నా మాట వల్ల జైల్లో చచ్చిపోయాడు. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇంకో ఇద్దరుండేవాళ్ళు. వాళ్ళూ పోయారు. ముగ్గురం పంచుకున్నన్నాళ్ళూ ఎలాగో మోశాను గానీ, నా ఒక్కడి మీదికి వచ్చాక ఇది పొద్దున కళ్ళు తెరవగానే గుండెల మీద కూచుని ఉంటోంది. పళ్ళు తోముకుంటుంటే ఉంటుంది. మనవరాలికి జడ వేస్తుంటే ఉంటుంది. నా పేరు చెప్పను. ఊరు చెబుతాను, బెంగళూరు పక్కన ఆనేకల్. పని చెబుతాను, పట్టుచీరల నేత. ఇప్పుడుండేది బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో, కూతురింట్లో.

నన్ను నమ్మే ముందు ఒకటి తెలుసుకోండి. నాకు పెంచి చెప్పే జబ్బుంది. చిన్నప్పుడు సంతకు పోయి వచ్చి నేను చెప్పిన కబుర్లలో సగాన్ని మా అమ్మ అక్కడికక్కడే కొట్టేసేది. మిగిలిన సగాన్ని పక్కింటివాళ్ళనడిగి తేల్చుకునేది. పిల్లిని చూస్తే చిరుతపులి అంటాను. అందులో చెడ్డతనం లేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. జనం నవ్వేవాళ్ళు. నాకు అదే చాలు.

మా అపార్టుమెంట్ల మధ్య ఒక చిన్న పార్కుంది. సాయంత్రాలు నాలాంటి ముసలివాళ్ళం అక్కడ చేరతాం. వాళ్ళకు నేనొక కథ చెబుతూ వచ్చాను. ఆనేకల్‌లో ఒక హత్య. దాన్ని తవ్వడానికి వచ్చిన ఇరుళిగ జాతి ఎస్సై. అడవిని పుట్టినిల్లుగా చేసుకున్న జాతి. ఆయన ఆరడుగుల మనిషి, బుర్ర మీసాలు, నేల వాసన చూసి మనిషి ఎటు పోయాడో చెప్పేస్తాడు. జీపులో ఆయన పక్కన నేను. బన్నేరుఘట్ట అడవి అంచున ఏనుగు అడ్డమొచ్చింది. ఎస్సై తుపాకీ తీయబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. ఏనుగు దగ్గరికి వచ్చేసరికి గుంటూరాయన వేరుశనక్కాయలు వలవడం కూడా మానేశాడు. బ్యాంకులో చేసి రిటైరైన నెల్లూరాయన తొడ చరిచి, "ఇది వెబ్ సిరీస్ తియ్యాల్సిన కథండీ. మీరు మామూలోళ్ళు కాదు," అన్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కంచం పక్కకు జరిపి లేచిపోయాను. మామూలోణ్ణి కాదట. ఆయనకేం తెలుసు?

ఏనుగు లేదు. ఆ జీపు నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎస్సై మాదేశ నా భుజం దాకా వచ్చే మనిషి. కళ్ళద్దాలు, పల్చటి మీసం. నేల వాసన మాట అటుంచండి, కాస్త దుమ్ము లేస్తే వరసగా తుమ్మేవాడు. పసితనంలోనే బెంగళూరులో హాస్టల్లో వేశారట. చదువంతా అక్కడే. అడవి ఆయనకు ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు. కానీ ఊరు ఒప్పుకోదు కదా. టీకొట్టు దగ్గర ఎవరో ఒకడు, "ఏం సార్, జాడ దొరికెనా?" అని కన్ను గీటేవాడు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "దొరికిందప్పా, నీ చెప్పు అరిగిపోయిండాది, కొత్తది కొనుక్కో," అనేవాడు.

చనిపోయినవాడు నారాయణప్ప. మా పక్కింటి గంగులప్పకు అన్న. అడవి వైపు పోయే దారిలో ఆ అన్నదమ్ములకు ఉమ్మడి చేను ఒకటుండేది. ఒకప్పుడు రాగులు పండిన నేల, తర్వాత నీలగిరి తోపయింది. బెంగళూరు పాక్కుంటూ పాక్కుంటూ మా దాకా వచ్చింది. లేఅవుట్లు వేసేవాళ్ళు తిరగడం మొదలుపెట్టారు. అన్న అమ్మేద్దామన్నాడు. తమ్ముడు చచ్చినా సంతకం పెట్టనన్నాడు. ఆ తోపు పక్కనుంచే ఇరుళిగుల గుడిసెలకు దారి. నారాయణప్ప ఆ దారికి కంచె వేయబోతే, కెంచయ్య అనే ఇరుళిగ మనిషి నలుగురిలో ఎదురు తిరిగాడు. తర్వాత కొన్నాళ్ళకు ఒక సాయంత్రం నారాయణప్ప ఆ తోపులో తల పగిలి పడున్నాడు. చూసి, పరుగున ఊళ్ళోకి వచ్చి చెప్పినవాడు కెంచయ్యే. చెప్పినవాణ్ణే పట్టుకోమన్నారు జనం. తగాదా ఉంది. జాతి ఉంది. ఇంకేం కావాలి?

మాదేశ పట్టుకోలేదు. పిలిచి అడిగాడు, పంపించేశాడు. "తనవాడు కదా," అంది ఊరు. ఆ మాట ఆయన దాకా పోయింది. "మా జాతోళ్ళంతా నాకు మేనమామలేనా అన్నా?" అని నాతో నవ్వేవాడు. నవ్వేవాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు ఉండేది కాదు. పైఅధికారి రోజూ ఫోన్ చేసి ఇదే అంటున్నాడని కానిస్టేబుల్ ద్వారా మాకు తెలుస్తూనే ఉండేది.

ఆయన పని చేసే తీరు విచిత్రం. సాయంత్రం మోటారుసైకిలు మీద మా వీధికి వచ్చి మా ఇంటి అరుగు మీద కూచునేవాడు. ఏమీ అడగడు. టీ తాగుతాడు. వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తాడు. అన్న చచ్చిపోయినా గంగులప్ప చంపిందెవరని ఎందుకు ఒక్కసారి కూడా అడగలేదా అని ఆయన ఆలోచిస్తున్నాడని నాకు తర్వాత తెలిసింది. వారాలు గడిచాయి. వీధి ఆయనకు అలవాటు పడింది. అరుగు మీద ఒక పోలీసు ఉన్నాడన్న సంగతే మరిచి మాట్లాడుకునేవాళ్ళం. ఆయనకు కావలసింది అదే.

నేను నోరు జారింది అలాంటి ఒక సాయంత్రమే. కరెంటు పోయింది. మా వీధిలో సగం అప్పటికే పవర్‌లూములు. కరెంటు పోతే అవి ఠక్కున ఆగిపోయి, మిగిలిన చేతిమగ్గాలు ఒక్కొక్కటే వినిపించేవి. నేను గొప్పగా అన్నాను, "సార్, మీరు అడవిలో జాడ చూస్తారని అనుకుంటా ఉండారు జనం. నేను వీధిలో చెయ్యి వింటాను. ఏ మగ్గం మీద ఎవరి చెయ్యి ఆడతా ఉండాదో కండ్లు మూసుకుని చెప్తాను."

ఇది మాత్రం పెంచిన మాట కాదు. నా బతుకులో పెంచకుండా చెప్పుకోగలిగిన గొప్ప ఇదొక్కటే. నాడె అడ్డపోగును లాక్కుని పరుగెత్తే చప్పుడు అందరిదీ ఒకటే. ఆ పోగును బిగించే దెబ్బ మాత్రం మనిషికొక తీరు. ఒకడు విసురుగా ఒక్కటే కొడతాడు. ఒకడు కొట్టి, మళ్ళీ అనుమానంగా ఇంకొకటి తడతాడు. గంగులప్పకు కుడి మోకాలు నొప్పి. తొక్కుడు ఒక లిప్త ఆలస్యమయ్యేది, దెబ్బ ఈడ్చుకుంటూ పడేది. మగ్గాల మధ్య పెరిగిన చెవికి ఇవన్నీ మనుషుల గొంతుల్లాగే.

మాదేశకు ముచ్చటేసింది. నా కళ్ళకు తువ్వాలు కట్టించాడు. కానిస్టేబుల్‌ను ఇల్లిల్లూ చూసి రమ్మన్నాడు. నేను ఒక్కో మగ్గం పేరూ చెబుతున్నాను. ఒకచోట ఆగాను.

"మోసం సార్! అది మునెప్ప మగ్గమే గానీ మునెప్ప చెయ్యి కాదు. వాళ్ళ తమ్ముణ్ణి కూచోబెట్టినారు."

నిజంగానే ఆయన మనిషిని మార్పించాడు. వీధి వీధంతా నవ్వింది. మునెప్ప బయటికొచ్చి, "ఈయప్పకుండేవి మనిషి చెవులు కాదు సార్, కుక్క చెవులు," అన్నాడు. మాదేశ కూడా నవ్వాడు. చప్పట్లు కొట్టాడు. నా ఛాతీ ఎంత ఉబ్బిందో! ఆ మురిపెం ఇప్పటికీ గుర్తుంది. 

ఇక దాచి లాభం లేదు. నారాయణప్ప చచ్చిన సాయంత్రం కూడా కరెంటు పోయింది. పక్కింటి మగ్గం ఆడుతూనే ఉంది. ఆ మగ్గం మీద చేయి గంగులప్పది కాదు. అతని భార్య రామక్కది. మా వీధిలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, మగ్గంలో కూచోరు. కానీ గంగులప్పకు కామెర్లు వచ్చి పడుకున్నప్పుడు ఆమె తలుపులు మూసుకుని నేసింది. అప్పుడు విన్నాను ఆ చేతిని. తేలిక దెబ్బ, సమానంగా, అంచు దగ్గర చిన్న ఆగడం. ఆ సాయంత్రం మళ్ళీ అదే చేయి. మధ్యలో ఒకసారి చాలాసేపు ఆగింది. తర్వాత మొదలైనప్పుడు దెబ్బలు ఎడాపెడా పడ్డాయి. ఏడుస్తూ నేస్తే అలా పడతాయి.

మర్నాడు శవం ఇంటికి రాకముందే గంగులప్ప మా పెరటి గోడ దగ్గరికి వచ్చాడు. రెండు చేతులూ గోడ మీద పెట్టి నేల చూస్తూ అన్నాడు, "బావా, నిన్న మగ్గంలో నేనే ఉండాను." నేను "ఊఁ" అన్నాను. అంతే. అంతకుమించి ఆ విషయం మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. అతను చచ్చేదాకా.

తువ్వాలు ఆట అయిన కొన్నాళ్ళకు మాదేశ వచ్చాడు. అరుగు మీద కూచోలేదు, ఇంట్లోకి వచ్చాడు. నేను మగ్గం గుంతలో ఉన్నాను. ఆయన నా ఎదురుగా నేల మీదే కూచున్నాడు. అప్పుడు మా ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"అన్నా, ఆ సాయంత్రం మీరు ఇంట్లోనే ఉండారు కదా?"

"ఉండాను సార్. యాడికి పోతాను?"

"పక్కింటి మగ్గం ఆడతా ఉండెనా?"

"ఆడతా ఉండె."

"చెయ్యి ఎవరిది?"

నేను పడుగులో తెగిన పోగు వెతుకుతున్నట్టు వంగాను. పోగేమీ తెగలేదు.

"గంగులప్పదే సార్."

"తొందర లేదన్నా. బాగా గుర్తు చేసుకోండి. నేను రేపు కూడా వస్తాను."

"రేపడిగినా అదే చెప్తాను. మగ్గం మీద ప్రమాణం చేసి చెప్తా ఉండాను. గంగులప్ప చెయ్యే."

ఆయన ముఖంలో కోపం లేదు. బతిమాలడం కూడా లేదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీ చెవికి పరీక్ష పెట్టింది నేనే కదా అన్నా," అన్నాడు. "ఇప్పుడు నేను కాదంటే ఎవరు నమ్ముతారు?"

మర్నాడు వచ్చాడు. అదే చెప్పాను. ఆ మర్నాడూ వచ్చాడు. ప్రతిసారీ అబద్ధం ఇంకొంచెం సులువయింది. నేను పెంచేవాణ్ణి కదా, పెంచాను కూడా. మధ్యలో గంగులప్ప దగ్గాడని చెప్పాను. ఆ దగ్గు పోలీసుల కాగితాల్లోకి ఎక్కింది. తర్వాత కోర్టులో కెంచయ్య తరఫు వకీలు గంగులప్ప మీద అనుమానం లేపినప్పుడు, దాన్ని తుడిచెయ్యడానికి సర్కారు వకీలు బోనెక్కించింది నన్నే. ఈ పెద్దమనిషి చెవి తప్పదని సాక్షాత్తూ ఎస్సై వీధి ముందర పరీక్షించి ఒప్పుకున్నాడని అందరికీ తెలుసు. మామూలుగా అయితే నా మాటను ఎవడూ లెక్క చెయ్యడు. ఆయన చేతులారా నిలబెట్టిన సాక్షిని నేను. ఆయన గొంతు మీదనే కూచున్నాను.

కోర్టు సంగతి తర్వాతది. అంతకుముందే, నేను మాట మార్చకపోయేసరికి, పైనుంచి ఆర్డరొచ్చింది. కెంచయ్యను మాదేశే పోయి జీపెక్కించాడు. అంతవరకు తనవాణ్ణి దాస్తున్నాడన్న నోళ్ళే, "ఉద్యోగం కోసం తనవాణ్ణి కూడా అమ్ముకున్నాడు," అన్నాయి. జీపు మా వీధి మీదుగానే పోయింది. కెంచయ్య వెనక కూచుని అందరి ముఖాలూ చూస్తున్నాడు. భయపడ్డవాడిలా లేడు. ఎవరో ఒకరు పిలిచి దిగమంటారన్నట్టు చూస్తున్నాడు. నన్నూ చూశాడు. నేను తల దించలేదు. మిగతావాళ్ళతో కలిసి చూస్తూ నిలబడ్డాను.

కొన్నాళ్ళకు మాదేశకు బదిలీ అయింది. ఎక్కడో ఒక మూల ఆఫీసులో, ఫైళ్ళ మధ్య. పదోన్నతి రాలేదని విన్నాను. తర్వాత ఆయన సంగతి వినలేదు, వినాలని ప్రయత్నం కూడా చెయ్యలేదు. కెంచయ్యకు జామీను పడే దిక్కు లేదు. కేసు నడుస్తూనే ఉంది. లోపలే జబ్బు చేసి, తీర్పు రాకముందే పోయాడు. మనిషి పోతే కేసు మూసేస్తారట. మూసేశారు. దోషి అనలేదు, నిర్దోషి అని కూడా అనలేదు.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబులు వరసగా ఉండేవి. మా అమ్మాయిని గంగులప్ప కొడుక్కి ఇవ్వాలని అప్పటికే మాటయింది. నిజం చెబితే పెళ్ళి ఆగుతుంది, పిల్ల బతుకు చెడుతుంది అనుకున్నాను. నిజమే. గంగులప్ప నాకు తమ్ముడి కంటే ఎక్కువ, ఒక్క క్షణం కోపంలో చేశాడు, అతన్ని ఉరికంబానికి నేను పంపాలా అనుకున్నాను. అదీ నిజమే. కానీ ఇవి రెండూ తీసి పక్కన పెడితే అడుగున ఇంకొకటి కనిపిస్తుంది. దాన్ని ఇన్నేళ్ళూ ముట్టుకోలేదు. ఇప్పుడు చెబుతాను. కెంచయ్య గురించి నేను ఆలోచించనే లేదు. వాళ్ళకు జైలయితేనేం, గుడిసయితేనేం, ఏదో తిప్పలు పడతాడులే, కొన్నాళ్ళకు వదిలేస్తారులే అనుకున్నాను. అతనికీ ఒక ఇల్లుందని, ఇంట్లో ఎదురుచూసే మనిషి ఉందని నా బుద్ధికి తోచలేదు. అదే స్థానంలో మా వీధి మనిషెవడైనా ఉంటే? మునెప్ప ఉంటే? నా నాలుక తిరిగేదా? తిరిగేది కాదు. ఆ మాట నాకు బాగా తెలుసు. మాదేశకు కూడా తెలిసే ఉంటుంది. అందుకే నన్ను బతిమాలలేదేమో.

పెళ్ళయింది. నేనిప్పుడుంటున్నది ఆ అల్లుడింట్లోనే. గంగులప్ప కొడుకు. బంగారం లాంటి పిల్లవాడు. నాకు చెవులు మందగిస్తే వినపడే మిషన్ కొనిచ్చాడు. "మామా, టీవీ సౌండు పెంచాలా?" అని అడుగుతాడు. వాళ్ళ నాయన తిథి రోజున ఆయన మంచితనం గురించి పిల్లకు కథలు చెబుతాడు. అప్పుడు నేను మిషన్ తీసి జేబులో వేసుకుంటాను. గంగులప్ప పోయే ముందు చాలాకాలం మాట పడిపోయి మంచంలో ఉన్నాడు. నేను చూడ్డానికి వెళితే నా చెయ్యి పట్టుకుని వదిలేవాడు కాదు. చూసినవాళ్ళు ఎంత స్నేహమో అనేవాళ్ళు. రామక్క అంతకుముందే పోయింది. ఆ సాయంత్రం తర్వాత ఆమె మళ్ళీ మగ్గంలో కూచోలేదు.

నెల్లూరాయన మాట విన్న తర్వాత ఒకరోజు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. ఆనేకల్‌లో దిగి, ఆటో మాట్లాడుకుని ఆ గుడిసెల దగ్గరికి పోయాను. చుట్టూ లేఅవుట్లు. నీలగిరి తోపు లేదు, గేటుంది, సెక్యూరిటీ ఉన్నాడు. వాటి వెనక రేకుల ఇళ్ళు కొన్ని. కెంచయ్య భార్య మాస్తమ్మ ఇంకా ఉంది. కళ్ళు సరిగా కనపడవు. గుమ్మంలో కూచుని రాగులు చెరుగుతోంది. ఇళ్ళ పట్టాల ఆఫీసరనుకుని లేవబోయింది.

చెప్పడానికే పోయాను. దారంతా ఆ మాటే నెమరేసుకున్నాను. ఆమె "ఎవరప్పా?" అని అడిగింది. నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? మీ ఆయన్ని ఎరుగుదునమ్మా అన్నాను. చాలా మంచివాడన్నాను. ఒకసారి నేను దారి తప్పితే ఊరి దాకా దిగబెట్టాడన్నాను. తేనె ఇచ్చాడన్నాను. అంతా కల్పించాను, అక్కడికక్కడే, అలవాటుగా. నేను కెంచయ్యతో ఒక్క మాటయినా మాట్లాడి ఎరగను.

ఆమె చేట పక్కన పెట్టింది. మంచినీళ్ళు తెచ్చిచ్చింది. "ఊరోళ్ళు అందరూ ఆయన్ని హంతకుడనేవాళ్ళే. మంచోడని మా గడప తొక్కి చెప్పినోడు నువ్వొక్కడివే నాయనా. నీ కడుపు చల్లగుండ," అంది. నా రెండు చేతులూ పట్టుకుంది. నేను ఆ నీళ్ళు తాగాను. దీవెన తీసుకున్నాను. ఆటో ఎక్కాను. అప్పుడు కూడా చెప్పలేదు. నాలో ఇంకా ఏమైనా మంచి మిగిలుందేమో అన్న ఆశ ఆ రోజుతో పోయింది.

పోలీసుల దగ్గరికి పొమ్మంటారా? చేసినవాడు లేడు, పడినవాడు లేడు. ఉన్నదల్లా నా కూతురు, ఆమె భర్త, ఆ పసిపిల్ల. వాళ్ళ తల మీద దీన్ని దించి నేను తేలికపడడం న్యాయమా? చూశారా, మళ్ళీ సాకే. కెంచయ్యకు కూడా కూతురుంటే ఆమె తల మీద ఏం దించానో నేను అడిగి తెలుసుకోలేదు. ఆ ఇంట్లో అడగొచ్చు. అడగలేదు.

ధైర్యం లేదు. రేపు కూడా ఉండదు. మాస్తమ్మ నేను చెప్పిన తేనె కథ ఇరుగుపొరుగుకు చెప్పుకుంటూ ఉంటుంది. ఆమె పోయేదాకా చెప్పుకుంటుంది. మా అల్లుడు వాళ్ళ నాయన పటానికి దండ వేస్తూనే ఉంటాడు. వీటిలో ఒక్కదాన్ని కూడా నేను రాస్తున్న ఈ కాగితం మార్చదు. మీరు నన్ను క్షమించాలని నేను అడగడం లేదు. మీకు ఆ హక్కు లేదు, నాకూ లేదు.

ఒకటి మాత్రం జరిగింది. కెంచయ్య చంపలేదు, నాకు ఆ రోజే తెలుసు అన్న మాటను నేను ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. తలుపు వేసుకుని నాలో నేను కూడా పైకి అనుకోలేదు. ఇందాక రాస్తున్నప్పుడు పెదాలు కదిలి బయటికే అనేశాను. గదిలో ఎవరూ లేరు. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. అయినా అన్నాను. ఇంకోసారి అన్నాను. ఊపిరి కొంచెం లోపలి దాకా పోయినట్టు అనిపించింది.